వాచీ పనిముట్లు విజయవాడ, గుంటూరుల్లో దొరుకుతాయా, బయటి నుంచి తెప్పించాలా?

గుంటూరు నుంచి ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాన్నగారి హెచ్.ఎం.టి. జనతా వాచీ ఆగిపోయి బీరువాలో ఉంది. వాచీల పని సొంతంగా నేర్చుకోవాలని ఉంది. పది వేల రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. ఆన్‌లైన్‌లో దొరికే నూట యాభై వస్తువుల కిట్టు తీసుకోవాలా, హైదరాబాదుకో చెన్నైకో వెళ్లి కొనాలా, ఇక్కడే దొరుకుతాయా? అయస్కాంతం వదిలించే డీమ్యాగ్నటైజర్ సంగతి ఏమిటి?" విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని మీద బతుకుతున్నవాణ్ణి కనుక, నా అనుభవంలో తేలిన సంగతులు రాస్తున్నాను.

ముందుగా సూటి సమాధానం. కిట్టు కొనవద్దు. స్క్రూడ్రైవర్లు, ట్వీజర్లు, నూనె, ఈ మూడింటిని మాత్రం వాచ్ మెటీరియల్, అంటే వాచీ విడి భాగాలూ పనిముట్లూ, అమ్మే అసలైన వ్యాపారి దగ్గర, వీలైతే చేత్తో పట్టుకుని చూసి కొనండి. మిగిలిన సామానులో సగానికి పైగా మీ ఊళ్లోనే దొరుకుతుంది. కాకపోతే అది వాచీల దుకాణంలో కాకుండా కంసాలి సామాన్ల కొట్లోను, మందుల షాపులోను, కళ్లజోళ్ల షాపులోను ఉంటుంది. కేసు పట్టుకునే స్టాండు, మూత తిప్పే తాళం, డీమ్యాగ్నటైజర్ వంటివి చైనా సరుకైనా ఇబ్బంది లేదు, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు.

ఇలా విడదీయడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే. ఆ పనిముట్టు మిషన్‌ను, అంటే వాచీ లోపలి యంత్రాన్ని, నేరుగా తాకుతుందా లేదా అన్నది చూస్తాను. తాకేది నాసిరకమైతే నష్టపోయేది పనిముట్టు కాదు, వాచీ. తాకనిది నాసిరకమైతే మనకు కాస్త విసుగు కలుగుతుంది, అంతే.

కిట్టు ఎందుకు వద్దంటున్నానో ఒక ఉదాహరణతో చెబుతాను. తాడేపల్లి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి తన తాతగారి జనతా వాచీని కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. ఎనిమిది వందలకు కొన్న కిట్టులోని స్క్రూడ్రైవర్‌తో బ్యారెల్ బ్రిడ్జి (చావీ ఇస్తే బిగుసుకునే మెయిన్ స్ప్రింగు డబ్బాను పట్టి ఉంచే పలక) స్క్రూ విప్పబోయాడట. కంటికి పెట్టుకునే భూతద్దం, అదే ఐ గ్లాసు, పెట్టుకుని చూశాను. స్క్రూ గాడికి రెండు వైపులా లోహం చెవుల్లా పైకి లేచి ఉంది. అతను తన స్క్రూడ్రైవర్‌ను కూడా తెచ్చాడు. దాని కొన జంతికలా మెలి తిరిగి ఉంది. అంతటితో పోయినా బాగుండేది. గాడిలోంచి జారిన కొన బ్రిడ్జి మీద ఒక పొడుగాటి గీత గీసుకుంటూ పోయి హెయిర్ స్ప్రింగ్‌లో, అంటే వెంట్రుకంత సన్నని చుట్టల స్ప్రింగులో, దిగింది. చివరి చుట్టు వంగిపోయి పక్క చుట్టును ఆనుకుని ఉంది. దానిని సరిచేయడానికి నేను రెండు సాయంత్రాలు కూర్చున్నాను, కుదరలేదు. చివరకు పాత మిషన్ ఒకటి వెతికి దానిలోని బ్యాలెన్స్ (అటూ ఇటూ ఊగే చక్రం, దాని హెయిర్ స్ప్రింగ్) మొత్తాన్ని వేయవలసి వచ్చింది. దానికి అతను పెట్టిన ఖర్చు కిట్టు ఖరీదుకు రెట్టింపు దాటింది.

స్క్రూడ్రైవర్ల సంగతి. మొదటే తొమ్మిదీ పదీ ఉన్న సెట్టు అవసరం లేదు. నా బల్ల మీద రోజంతా తిరిగేవి 0.80, 1.00, 1.20, 1.40 మిల్లీమీటర్ల కొనలు ఉన్న నాలుగే. డయల్ కాళ్ల స్క్రూలకు చిన్నది, బ్రిడ్జి స్క్రూలకు పెద్దవి. వీటిని విడివిడిగా అమ్మే వ్యాపారిని వెతకండి. స్విట్జర్లాండులోని ల లోక్ల్ పట్టణానికి చెందిన బెర్జియాన్ సంస్థ 1791 నుంచి ఈ రంగంలో ఉంది. దాని స్క్రూడ్రైవర్లకు ఒక్కో కొలతకు ఒక్కో రంగు పట్టీ ఉంటుంది, 0.80కి పసుపు, 1.20కి ఎరుపు. రంగు చూసి చేతికి తీసుకునే అలవాటు పడితే పని వేగం మీకే తెలుస్తుంది. ఇదే రంగులను అనుకరించే చవక సరుకు కూడా బజారులో విరివిగా ఉన్నందున రంగును చూసి నమ్మవద్దు, కొనను చూసి నమ్మండి.

కొనను ఎలా చూడాలంటే, ఐ గ్లాసు కింద పక్క నుంచి చూసినప్పుడు అది కత్తి అంచులా సన్నబడిపోకూడదు. చివర చిన్న చదరపు అంచు కనబడాలి. ఆ అంచు మందం గాడిలో అడుగు దాకా దిగి, వదులు లేకుండా నిండాలి. వెడల్పు స్క్రూ తల వెడల్పుకు దాదాపు సమానంగా ఉండాలి గాని దానిని మించకూడదు. మించితే చుట్టూ ఉన్న బ్రిడ్జిని గీకుతుంది. ఎంత మంచి కొన అయినా కొన్నాళ్లకు అరుగుతుంది కనుక, దానితో పాటే ఒక చిన్న నూనె సాన రాయి కొనుక్కోండి. అది కంసాలి సామాన్ల కొట్లో దొరుకుతుంది. విడి కొనలు అమ్ముతారా అని కూడా అప్పుడే అడగండి. "కొన విరిగితే కొత్త స్క్రూడ్రైవర్ కొనుక్కోండి" అని చెప్పే దుకాణదారు సాధారణంగా వాచ్ మెటీరియల్ వ్యాపారి అయి ఉండడు.

ట్వీజర్ల సంగతి. ఇక్కడ డుమాంట్ అనే స్విస్ పేరు ఎక్కువగా వింటారు, నకిలీలు కూడా ఆ పేరు మీదే ఎక్కువ. మొదట 3 నంబరు ఒకటి చాలు. 5 నంబరు కొన సూదిలా ఉంటుంది, అది హెయిర్ స్ప్రింగ్ పనికి. చేయి కుదరకముందే దానిని పట్టుకుంటే పది రోజుల్లో కొన వంగిపోతుంది, లేదా జ్యూయెల్ (చక్రాల ఇరుసు కొసలు తిరిగే చిన్న రాయి) ఒకటి గాలిలోకి ఎగిరి మీ ఇంటి గచ్చు మీద ఎక్కడో శాశ్వతంగా స్థిరపడుతుంది. రెండోదిగా ఇత్తడి ట్వీజర్ ఒకటి ఉంచుకోండి. బ్యాటరీ సెల్లు మార్చడానికి, గీతలు పడకూడని చోట పట్టుకోవడానికి అదే మంచిది.

కొట్లో నిలబడి చేయదగిన పరీక్ష ఒకటి ఉంది. ట్వీజర్‌ను వెలుతురుకు ఎదురుగా పెట్టి మెల్లగా మూయండి. కొసలు రెండూ ఒకే క్షణంలో కలవాలి, మధ్యలో వెలుతురు గీత కనిపించకూడదు. తరువాత కాస్త గట్టిగా నొక్కండి; నాసిరకమైతే కొసలు మళ్లీ విడిపోతాయి, లేదా ఒకటి రెండో దాని మీదికి ఎక్కుతుంది. ఆ తరువాత తెల్ల కాగితం మీద మీ తల వెంట్రుక ఒకటి పెట్టి ఎత్తి చూడండి. వెంట్రుక జారకుండా, తెగకుండా లేస్తే కొనండి. ఈ పరీక్ష చేస్తుంటే విసుక్కునే దుకాణదారు దగ్గర కొనకపోయినా నష్టం లేదు.

ఇక ఊళ్లో దొరికే సామాను. విజయవాడ వన్ టౌన్‌లో బంగారు పని జరిగే సందుల్లోను, గుంటూరులో పట్నంబజారు, లాలాపేట వైపూ కంసాలి పనిముట్లు అమ్మేవారు ఉంటారు. వాచీ పనికీ కంసాలి పనికీ సగం పనిముట్లు ఉమ్మడివే. సన్న ఆకురాళ్లు, పిన్ వైస్ (సన్న ముక్కలను బిగించి పట్టుకునే చేతి పనిముట్టు), చిన్న ఇత్తడి సుత్తి, సన్నమూతి పటకార్లు, సాన రాయి, ఇత్తడి బ్రష్షు, వెర్నియర్ కాలిపర్, ఇవన్నీ అక్కడే తీసుకోండి. ఆన్‌లైన్ ధర కంటే తక్కువకు వస్తాయన్నది ఒక లాభం. ఆ కొట్ల వాళ్లకు పనిముట్టు గురించి నిజంగా తెలిసి ఉండడం అంతకంటే పెద్ద లాభం. "ఇది సన్న పనికి ఆగదండీ" అని తన సరుకు గురించి తానే చెప్పిన పెద్దాయన దగ్గర నేను పదిహేనేళ్లుగా కొంటున్నాను.

అక్కడ ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కంసాలి కొట్లో ఐ గ్లాసు అడిగితే రాళ్లు పరీక్షించే పది రెట్ల అద్దం ఇస్తారు. అది వాచీ పనికి సరిపోదు. భూతద్దం ఎన్ని రెట్లు చూపిస్తుందో, సుమారుగా 25 సెంటీమీటర్లను ఆ సంఖ్యతో భాగించినంత దగ్గరగా వస్తువును పెట్టాలి. పది రెట్లదైతే వస్తువు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అంత ఇరుకులో స్క్రూడ్రైవర్ పెట్టడానికి చోటే ఉండదు. నాలుగు రెట్లదైతే ఆరు సెంటీమీటర్లకు పైగా దూరం దొరుకుతుంది, చేతులు హాయిగా కదులుతాయి. అందువల్ల పనికి మూడు నుంచి ఐదు రెట్లది ఒకటి, జ్యూయెల్‌లో నూనె ఉందో లేదో చూడడానికి పది రెట్లది ఒకటి తీసుకోండి. మీకు కళ్లజోడు ఉంటే జోడుకు తగిలించుకునే రకం కావాలి. అది కళ్లజోళ్ల షాపులో అడిగితే తెప్పిస్తారు. కన్ను బిగించి అద్దాన్ని పట్టే అలవాటు మొదట్లో తలనొప్పి తెస్తుంది కాబట్టి, తల చుట్టూ తిరిగే తీగ స్ప్రింగు ఉన్నదే తీసుకోండి.

మందుల షాపులో తీసుకోవలసినవి వేలి తొడుగులు, చెవి కడిగే రబ్బరు బుడ్డి. ఆ బుడ్డి వాచీ మీది దుమ్ము ఊదడానికి ప్రత్యేకంగా అమ్మే బ్లోయర్ చేసే పనే చేస్తుంది. నోటితో మాత్రం ఎప్పుడూ ఊదకండి. మన ఊపిరిలోని తడి హెయిర్ స్ప్రింగ్ మీద తుప్పు మచ్చగా కొద్ది వారాల్లో తేలుతుంది. ప్రయోగశాల సామాన్లు అమ్మే చోట మూత ఉన్న గాజు పళ్లేలు రెండు తెచ్చుకోండి, విడి భాగాలు కడగడానికీ దాచడానికీ పనికి వస్తాయి.

విదేశీ పుస్తకాలలోను వీడియోలలోను పిత్ వుడ్ అని ఒకటి చెబుతారు. అది మెత్తని బెండు. ట్వీజర్ కొసలు, నూనె సూది, సన్న పివట్లు (ఇరుసు కొసలు) గుచ్చి శుభ్రం చేయడానికి వాడతారు. దానిని తెప్పించడానికి మీరు డబ్బు తగలేయనవసరం లేదు. పెళ్లి బాసికాలు, బెండు పూలు చేసేవారి దగ్గర జీలుగు బెండు ముక్క అడగండి, ఊరికే ఇస్తారు. నేను ఇన్నేళ్లుగా అదే వాడుతున్నాను. జ్యూయెల్ రంధ్రాలు తుడిచే పెగ్ వుడ్ పుల్లకు బదులుగా కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్కను ఒకసారి చెక్కి చూశాను. మరీ మెత్తన, కొన నిలవదు, పీచు రంధ్రంలోనే ఉండిపోతుంది. ఆ ఒక్క పుల్లల కట్టను మాత్రం మెటీరియల్ వ్యాపారి దగ్గరే కొనండి, ఖరీదు కూడా పెద్దగా ఉండదు.

ఏ ఊరు వెళ్లాలి? వాచ్ మెటీరియల్ బజారుగా దేశంలో పేరున్నది కలకత్తాలోని రాధా బజార్. మనకు అది దూరం. విజయవాడ నుంచి పొద్దున్నే శాతవాహన ఎక్కితే మధ్యాహ్నం లోపు సికింద్రాబాదులో దిగవచ్చు. అక్కడి నుంచి కోఠీ, ఆబిడ్స్ వైపు వెళ్లి మెటీరియల్ దుకాణాలు చూసుకోవచ్చు. చెన్నైలో ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల వెతకాలి. నెల్లూరు, ఒంగోలు వాళ్లకు చెన్నై సౌకర్యం గాని, గుంటూరులో ఉన్న మీకు హైదరాబాదే నయం. పైగా అక్కడ తెలుగులో బేరం చేసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు చేతులు ఊపుకుంటూ వెళ్లవద్దు. మీ వాచీ వెనక మూత లోపల ఉండే అక్షరాలు, మిషన్ మీది క్యాలిబర్ నంబరు (మిషన్ ఏ రకమో చెప్పేది), గ్లాసు వ్యాసం, పట్టీ చెవుల మధ్య దూరం ఒక కాగితం మీద రాసుకోండి. గ్లాసులు మిల్లీమీటరులో పదో వంతు తేడాతో వస్తాయి కనుక స్కేలుతో కొలిచిన కొలత పనికిరాదు, కాలిపర్‌తోనే కొలవండి. పట్టీ పిన్నులు 18 మిల్లీమీటర్లవి, 20 మిల్లీమీటర్లవి ఎక్కువగా నడుస్తాయి. ఒక్కోటి పది చొప్పున తీసుకోవచ్చు. మీరు "జనతా వాచీకి స్టెమ్ (చావీ బొత్తానికి ఉండే లోపలి కడ్డీ) కావాలి" అనగానే "క్యాలిబర్ ఎంత?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు మంచి వ్యాపారి. ఏదో ఒకటి చేతిలో పెట్టి "అన్నిటికీ సరిపోతుంది" అనేవాడి దగ్గర నుంచి మర్యాదగా బయటికి రండి.

ఆన్‌లైన్ కొనుగోలు. మన దేశంలోని పెద్ద అంగళ్లలో పేజీ మీద రాసిన పేరు ఒకటి, నిజంగా పంపే అమ్మకందారు వేరొకరు. "స్విస్ టైపు", "స్విస్ ప్యాటర్న్" అని రాసి ఉంటే అది స్విస్ సరుకు కాదని ఆ అమ్మకందారే ఒప్పుకున్నట్టు. ఫొటోలో కొన కనబడకుండా పిడులు మాత్రమే చూపించే స్క్రూడ్రైవర్ సెట్టును వదిలేయండి. ఒకప్పుడు మాలో చాలామంది చైనా నుంచి నేరుగా తెప్పించుకునే అలీఎక్స్‌ప్రెస్‌ను 2020 నవంబరులో ప్రభుత్వం నిషేధించింది. ఆ సరుకే ఇప్పుడు ఇక్కడి అమ్మకందారుల చేతి మీదుగా, కాస్త ఎక్కువ ధరకు వస్తోంది. యూరప్ నుంచో అమెరికా నుంచో తెప్పించదలిస్తే పేజీ మీది ధర చూసి లెక్క వేసుకోకండి. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, పన్ను, కొరియర్ సంస్థ తీసుకునే రుసుము, అన్నీ కలిపిన తరువాత చేతికి వచ్చే ధర వేరు. అందువల్ల ఒకటీ అరా తెప్పించుకోవడం దండగ. నలుగురం కలిసి ఒకే పార్సిలుగా తెప్పించుకున్నప్పుడు మాత్రమే మాకు గిట్టుబాటు అయింది.

ఆన్‌లైన్‌లో నిస్సంకోచంగా తీసుకోదగినవి కేసు బిగించే స్టాండు, మిషన్ పట్టుకునే హోల్డరు, ముళ్లు నొక్కే ప్రెస్సు, మరలు ఉన్న మూత తిప్పే తాళం. టిక్కు టిక్కు విని వేగం చెప్పే టైమ్‌గ్రాఫర్ యంత్రం ఇప్పుడే వద్దు. సెల్‌ఫోన్‌లో అదే పని చేసే యాప్‌లు ఉన్నాయి, మొదటి ఏడాదికి అవి చాలు.

నూనె విషయంలో నేను మోసపోయాను. కొన్నేళ్ల క్రితం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర మోబియస్ 9010 అనే వాచీ నూనె సీసా మామూలు ధరలో మూడో వంతుకే దొరికిందని సంతోషించి కొన్నాను. లేబులు సరిగానే ఉంది. జ్యూయెల్‌లో పెట్టిన చుక్క మరునాటికి పక్కకు పాకిపోయింది. అసలు నూనె గిన్నెలాంటి జ్యూయెల్ గుంటలో గుండ్రంగా నిలబడుతుంది, పాకదు. ఆ వారంలో నూనె వేసిన ఆరు వాచీలను మళ్లీ విప్పి, కడిగి, ఉచితంగా తిరిగి చేసి ఇచ్చాను. అప్పటి నుంచి నూనెను ముఖం తెలిసిన వ్యాపారి దగ్గర, బిల్లుతో, సీలు చూసుకుని కొంటున్నాను.

మొదట మూడు రకాలు చాలు. వేగంగా తిరిగే చక్రాలకూ బ్యాలెన్స్‌కూ పలుచని 9010, నెమ్మదిగా తిరిగే బరువు భాగాలకు చిక్కని డి-5, మెయిన్ స్ప్రింగుకూ చావీ భాగాలకూ ఒక గ్రీజు. రెండు మిల్లీలీటర్ల చిన్న సీసాయే మీకు ఏళ్ల తరబడి వస్తుంది కాబట్టి పెద్దది అడగవద్దు. మే నెల ఎండలో డెలివరీ బండిలో రోజంతా ఉడికే సమయంలో తెప్పించకండి, ఇంటికి వచ్చాక చల్లని చీకటి చోట ఉంచండి. కుట్టు మిషన్ నూనె వాడవచ్చా అని చాలామంది అడుగుతారు. అది పాకుతుంది, ఎండుతుంది, వద్దు. కొబ్బరి నూనె వేసిన వాచీలు కూడా నా దగ్గరికి వచ్చాయి. "వేసవిలో బాగా నడుస్తుందండీ, సంక్రాంతి ముందు పొద్దున పూట ఆగిపోతోంది" అని ఒక పెద్దాయన తెచ్చారు. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే గడ్డ కడుతుంది. మన ధనుర్మాసపు తెల్లవారుజాములు అంతకంటే చల్లగానే ఉంటాయి. ఆ వాచీకి వచ్చిన జబ్బు అదే.

కడగడానికి మా గురువుగారి తరం బంకు పెట్రోలు వాడేది. నేనూ చాలాకాలం అదే వాడాను, ఇప్పుడు మానేశాను. కారణం ఉంది. పాలెట్ (చక్రాన్ని ఒక్కో పన్ను చొప్పున ఆపి వదిలే లంగరు లాంటి భాగం) రాళ్లను లక్కతో అతికిస్తారు, లక్క ఆల్కహాలులో కరుగుతుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అదీ ఆల్కహాలే. అందువల్ల పాలెట్‌కూ బ్యాలెన్స్‌కూ సిగరెట్ లైటర్లలో పోసే ద్రవం వాడుతున్నాను. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో వాటిని ఎప్పుడూ వేయను. చక్రాలూ బ్రిడ్జిలూ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కడిగినా పరవాలేదు. ఏది వాడినా పొయ్యి ఉన్న గదిలో వద్దు, కిటికీ తెరిచి ఉంచండి.

సెల్లుల గురించి రెండు మాటలు. క్వార్ట్జ్ వాచీలకు 377 అనీ, ఎస్.ఆర్.626 ఎస్.డబ్ల్యు. అనీ పిలిచే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు వేయాలి. అదే సైజులో అట్ట మీద వరుసగా అంటించి అమ్మే ఆల్కలైన్ సెల్లు బొమ్మలకు సరిపోతుంది. వాచీలో అది కారితే మిషన్ పోతుంది.

పాత పనిముట్ల గురించి మీరు అడగలేదు గాని, నా దృష్టిలో అన్నిటికంటే మంచి బజారు అదే. పని మానేసిన వాచీ మెకానిక్కుల పెట్టెలు గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట ఇళ్లలోనూ మా ఊళ్లోనూ అటకల మీద ఉన్నాయి. నేను 2006లో ఒక కుటుంబం దగ్గర స్టేకింగ్ సెట్టు (సన్న భాగాలను పంచ్‌లతో కొట్టి బిగించే పనిముట్టు) కొన్నాను. పెట్టె నిండా తుప్పు, మూడు పంచ్‌లు లేవు, అయినా కిరోసిన్‌లో నానబెట్టి తుడిస్తే కింద ఉన్న ఉక్కు మెరిసింది. ఇవాళ్టికీ దానితోనే బ్యాలెన్స్ స్టాఫ్‌లు, అంటే బ్యాలెన్స్ చక్రపు ఇరుసులు, బిగిస్తున్నాను. పాత ట్వీజర్ కొన వంగి ఉన్నా సాన మీద తీర్చవచ్చు. అయస్కాంతం పట్టి ఉంటే వదిలించవచ్చు. లోతుగా గుంటలు పడ్డ తుప్పు మాత్రం పోదు. మీ వీధిలో చిన్న గాజు పెట్టె ముందు ఇంకా కూర్చుంటున్న పెద్ద మెకానిక్ ఉంటే, వెళ్లి రెండు పట్టీ పిన్నులు కొని మాట కలపండి. బేరం కంటే ముందు నమస్కారం పెట్టండి. పనిముట్టు అమ్మినా అమ్మకపోయినా, దానిని ఎలా పట్టుకోవాలో ఆయన చూపించడం ఖాయం.

ఆయన దగ్గరే ఇంకొకటి అడగండి: పాడైపోయిన హెచ్.ఎం.టి. మిషన్లు రెండు మూడు. మీ నాన్నగారి వాచీని మొట్టమొదట విప్పవద్దని నా గట్టి సలహా. జనతాలో ఉండే 0231 మిషన్ 17 జ్యూయెల్స్‌ది, గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, నేర్చుకోవడానికి చాలా అనుకూలమైనది. జపాన్‌కు చెందిన సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్.ఎం.టి. వాచీల తయారీకి 2016లో తెర పడింది. అందువల్ల ఇప్పుడు విడి భాగాలంటే పాత నిల్వలో మిగిలినవీ, చచ్చిపోయిన వాచీల్లోంచి తీసినవీ మాత్రమే. ఆన్‌లైన్‌లో "కొత్త జనతా" అని అమ్మేవాటిలో చాలావరకు పాత మిషన్‌కు కొత్తగా అచ్చువేసిన డయల్ తగిలించినవే. మీ వాచీలో ఉన్న అసలు డయల్ రంగు వెలిసినా దానికి విలువ ఉంది, మార్చమని ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. చచ్చిన మిషన్‌ను పదిసార్లు విప్పి బిగించి, పదకొండోసారి ఒక్క స్క్రూ కూడా మిగలకుండా బిగించగలిగిన రోజున బీరువా తెరవండి. పాత మిషన్లు దొరకకపోతే స్విస్ సంస్థ ఇ.టి.ఏ. వారి 6497 మిషన్ నమూనాలో చైనా వారు చేసే సీగల్ మిషన్ తీసుకోవచ్చు, 36.6 మిల్లీమీటర్ల వ్యాసం కనుక భాగాలు పెద్దవిగా ఉండి చేతికి తేలిక.

మీ పది వేలను నేనైతే ఇలా ఖర్చు పెడతాను. సగం స్క్రూడ్రైవర్లకూ ట్వీజర్లకూ పోతుంది, అందులో పిసినారితనం వద్దు. రెండు వేల లోపు కంసాలి కొట్లోనూ మందుల షాపులోనూ, ఐ గ్లాసులతో సహా. పదిహేను వందల దాకా ఆన్‌లైన్ స్టాండ్లకూ తాళానికీ. మిగిలినది పాత మిషన్లకు. నూనెలు ఈ లెక్కలో లేవని గమనించే ఉంటారు. మిషన్ విప్పి బిగించడం వచ్చే దాకా నూనెతో పని లేదు. అప్పటికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పుడు కొనండి.

మీరు చివర అడిగిన డీమ్యాగ్నటైజర్ సంగతి. వాచీ ఉన్నట్టుండి రోజుకు చాలా నిమిషాలు ముందుకు పోతుంటే హెయిర్ స్ప్రింగ్‌కు అయస్కాంతం పట్టి ఉండవచ్చు. స్కూలు పిల్లల దిక్సూచి ఒకటి దగ్గర పెట్టండి. వాచీ నడుస్తుండగా ముల్లు వణికితే అనుమానం నిజమే. నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె రూపంలో ఉండే చవక యంత్రమే చాలు. కొనేటప్పుడు దాని మీద 220 వోల్టులు అని ఉందో లేదో చూడండి. 110 వోల్టులది మన కరెంటుకు పెడితే కాలిపోతుంది. వాడేటప్పుడు బొత్తాం నొక్కి ఉంచి, వాచీని దాని మీద నుంచి మెల్లగా మూరెడు దూరం దాకా తీసుకుపోయిన తరువాతే బొత్తాం వదలాలి. దగ్గర ఉండగానే వదిలేస్తే అయస్కాంతం పోవడం అటుంచి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. మీ ట్వీజర్లకూ స్క్రూడ్రైవర్లకూ కూడా నెలకొకసారి ఇదే చికిత్స చేయండి. వానాకాలంలో మన కృష్ణా తీరపు తేమకు అవి తుప్పు పట్టకుండా, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు పెట్టెలో వేసి ఉంచండి.